ఎనిమిదిన్నర వేళ్ళ కీబోర్డు

కోర్టులో టైపిస్టు ఏం చేస్తాడని ఈ మధ్య మా బంధువుల అమ్మాయి అడిగింది. సాక్షి చెప్పిన మాటను జడ్జిగారు మళ్ళీ చెప్తుంటే దాన్ని రాతలోకి దించేవాడు, అన్నాను. "అంతేనా?" అంది. అంతే. బాగేపల్లిలో ఆ పనికి చేరాను, చిక్కబళ్ళాపురలో ముదిరాను, చింతామణిలో రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఇతరుల మాటలే కొట్టాను. సొంత మాటలు రాయడం ఇప్పుడే మొదలు. ఇందులో కూడా సగం మాటలు నాతో పనిచేసిన ఒకావిడవి.

ఆవిడ సంగతికి ముందు కీబోర్డు సంగతి చెప్పాలి.

నేను పని నేర్చుకున్నది కన్నడ టైపురైటరు మీద. వేలు నొక్కితే ఇనుపకాడ లేచి కాగితాన్ని కొట్టేది. అక్షరం పడిందని కంటికంటే ముందు వేలికి తెలిసేది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, వాటితో ఆఫీసు కీబోర్డులు వచ్చాయి. నానిన అప్పడం మీద వేళ్ళు పెట్టినట్టుండేవి. నొక్కామో లేదో తెర చూస్తే గానీ నమ్మకం కుదరదు. ఏళ్ళ తరబడి ఆ అప్పడాల మీదే పనిచేశాను. అది లోటని కూడా తెలియలేదు.

ఒకసారి చిక్కబళ్ళాపురలో మాకు కొత్త సాఫ్టువేరు మీద తరబేతి, అంటే శిక్షణ, పెట్టారు. పాఠం చెప్పడానికి బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి సంచిలోంచి టిఫిన్ డబ్బా అంత కీబోర్డు తీసి బల్లమీద పెట్టింది. దానికి పక్కన అంకెల గళ్ళు లేవు, పై వరస లేదు, బాణాల కీలు లేవు.

"మిగిలిన సగం యాడ పోయిందమ్మా?" అన్నాను.

"యాడికీ పోలేదు సార్, అడుగున ఉంది" అని నవ్వి చూపించింది. ఒక కీ పట్టుకుని ఇంకోటి నొక్కితే అదే గడి అంకె అవుతుంది, బాణం అవుతుంది. ఏ కీకి ఏ పని అనేది మన ఇష్టం. ప్రతి అక్షరం కిందా దాని స్విచ్చు, దాని స్ప్రింగు దానికే వేరు. మెకానికల్ అంటారట. నేను ఊరికే ఒక అక్షరం నొక్కాను. వేలి కింద సన్నగా టక్కుమంది. టైపింగ్ ఇన్‌స్టిట్యూటు వాసన వచ్చినంత పనైంది నాకు. నెల తిరగకముందే అలాంటిది చింతామణికి తెప్పించుకున్నాను.

మొదటి రోజే పరువు పోయింది. నేను తెప్పించింది గట్టిగా చప్పుడు చేసే రకం. కోర్టు హాల్లో సాక్ష్యం మొదలుకాగానే అందరూ నావైపు చూశారు. ఒక వకీలు కిటికీ వైపు తిరిగి, "మళె బంత స్వామి?" అని అడిగాడు, వాన వచ్చిందా అని. జడ్జిగారు ధారవాడ వైపు మనిషి. ఆయన నవ్వకుండా, "ఆ మళె నాళెయింద బేడ" అన్నారు. రేపటినుంచి వద్దని.

నేను దాన్ని మూలన పడేయలేదు. చప్పుడు లేని స్విచ్చులు తెప్పించి, పాతవి ఒక్కొక్కటీ పెరికి ఇవి పెట్టాను. వాటికి సాల్డరింగు అక్కరలేదు, చిన్న పటకారు చాలు. పెట్టె అడుగున పలచటి స్పాంజి పరిచాను. స్ప్రింగులకు బొమ్మలేసే కుంచెతో గ్రీజు పూశాను. ఆదివారం మధ్యాహ్నాలు మా ఆవిడ ఒక పళ్ళెంలో అనపగింజలు పితుకుతుంటే, ఎదురుగా ఇంకో పళ్ళెంలో నేను స్ప్రింగులకు గ్రీజు పూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

"నేను పితికేది సాయంత్రానికి కూరైతాది. మీరు పూసేది ఏమైతాది?" అనేది.

ఏమవుతుందో నాకూ తెలియదు. ఆఫీసులో అందరూ దాన్ని నా ఆటబొమ్మ అనేవారు. ఆ మాట నిజమే.

నా పక్క సీటులో ఇంకో టైపిస్టు ఉండేది. నాకంటే చాలా చిన్నది, నాకంటే చాలా వేగం. కైవార దగ్గర పల్లెలో కాపురం. పొలం, రెండు ఆవులు, ఉద్యోగం, మూడూ ఆమెవే. జడ్జిగారి నోట్లో వాక్యం పూర్తయ్యేసరికి ఆమె తెరమీద పూర్తయి ఉండేది. కఠినమైన విచారణ ఏదైనా వస్తే అడగకుండానే ఆమెను కూర్చోబెట్టేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వచ్చి కూర్చుని, గాజులు పైకి తోసుకుని, కొంచెం గర్వంగా జడ్జిగారి వైపు చూసేది. ఆ చూపు నాకు ఇష్టంగా ఉండేది.

ఒక ఉదయం ఇంట్లో ఆవులకు గడ్డి కత్తిరిస్తుంటే మేత మిషన్లో ఆమె కుడిచెయ్యి పడింది. చిటికెనవేలు మొత్తం పోయింది. ఉంగరపు వేలు ఒక కణుపు మిగిలింది.

చాలాకాలం సెలవు తర్వాత వచ్చింది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. ఎవరూ ఆ చెయ్యి గురించి మాట్లాడలేదు. అందరూ ఆవుల గురించి అడిగారు.

సీటులో కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. నేను తల తిప్పకుండా విన్నాను. టైపిస్టుకు పక్క టైపిస్టు వేళ్ళ నడక వినిపిస్తుంది. ఆమె నడక కుంటుతోంది. మా కన్నడ కీబోర్డులో 'ల' ఉండేది కుడి ఉంగరపు వేలి కింద. కన్నడంలో లేదు, కాదు అనడానికి 'ఇల్ల' అంటారు. కోర్టులో సాక్షులు అన్నిటికంటే ఎక్కువగా అనే మాట అదే. దానికి 'ల' రెండుసార్లు కొట్టాలి. ప్రతి 'ఇల్ల' దగ్గరా ఆమె ఆగిపోతోంది. చెయ్యి మొత్తం ఎత్తి, మధ్యవేలిని పక్కకు జరిపి, గురి చూసి కొట్టాల్సి వస్తోంది. ఆ తొందరలో ఒక్కోసారి 'ల' తప్పిపోతోంది. మామూలు ఉత్తరంలో అక్షరం తప్పితే దిద్దుకోవచ్చు. సాక్ష్యంలో 'లేదు' తప్పిపోతే మనిషి మాటే తిరగబడుతుంది. మాకిద్దరికీ అది తెలుసు.

మా శిరస్తేదారు, అంటే ఆఫీసు పెద్ద, మంచివాడే. కొన్నాళ్ళు చూసి, నొప్పించకుండా చెప్పాడు. "రికార్డు రూముకు పోతావామ్మా? నెమ్మదైన పని. ఎవరూ తొందర చెయ్యరు."

"చూస్తాను సార్" అంది. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు నాతో, "నెమ్మదైన పనంట అప్పా. నేను నెమ్మది యాడ అడిగినాను?" అంది.

నాకు అప్పుడు నా ఆటబొమ్మ గుర్తొచ్చింది.

ఆమెకు చెప్పకుండానే మొదలుపెట్టాను. స్పేస్‌బారు మూడు ముక్కలుగా ఉండే చిన్న కీబోర్డు ఒకటి తెప్పించాను. బొటనవేళ్ళకు అదనంగా పని ఇవ్వొచ్చని. కుడిచేతికి కష్టం కలగకూడదన్నది నా ఆలోచన. ఆ పోయిన వేళ్ళ కింద ఉండే అక్షరాలన్నీ ఎడమచేతి వైపుకు మార్చాను. బొటనవేలితో ఒక కీ పట్టుకుని ఎడమ వేలితో ఇంకోటి నొక్కితే 'ల' వస్తుంది, 'ప' వస్తుంది. కుడిచెయ్యి దాదాపు ఊరికే ఉంటుంది. చాలా ఆదివారాలు పట్టింది. చేసినవాడిగా చెప్తున్నాను, చూడముచ్చటగా వచ్చింది. తీసుకెళ్ళి ఆమె బల్లమీద పెట్టి, పుట్టినరోజు బహుమతి ఇచ్చినవాడిలా నిలబడ్డాను.

ఆమె వివరం విన్నది. థాంక్స్ చెప్పింది. సొరుగులో పెట్టి మూసేసింది.

ఆ వారమంతా ఆ సొరుగు తెరవలేదు. నాకు కోపం వచ్చింది, దాన్ని కోపమని ఒప్పుకోవడానికి సిగ్గు కూడా వేసింది. ఒకరోజు భోజనాల వేళ ఉండబట్టలేక అడిగాను. "బాగా రాలేదామ్మా?"

ఆమె రాగిముద్ద ఎడమచేత్తో తింటోంది. తినడం ఆపి, కొంగులోంచి కుడిచెయ్యి తీసి బల్లమీద పెట్టింది. ప్రమాదం తర్వాత ఆ చెయ్యి నేను సరిగ్గా చూడడం అదే మొదలు.

"దీనికి ఇంకా మూడు వేళ్ళు బాగుండాయి అప్పా. ఉంగరపు వేలి మోటు గూడా ఒకటి ఉండాది. మీరు దీన్ని నాకంటే ముందే రిటైరు చేసినారు. శిరస్తేదారు నన్ను రికార్డు రూముకు పంపిస్తానన్నాడు, మీరు నా చేతిని పంపించినారు. అంతే గదా తేడా?"

ఆమెకు ఏం కావాలో ఒక్క మాట కూడా అడగలేదని అప్పుడు తట్టింది. సాయం చేసేవాడికి ఉండే తొందర సాయం కావలసినవాడికి ఉండదు.

"అయితే ఎట్ల చేద్దాం?" అన్నాను.

"ఇట్ల తీసుకురండి" అని సొరుగు తెరిచింది.

ఆ తర్వాత భోజనాల వేళల్లో బల్లమీద ఆమె చెయ్యి, కీబోర్డు, నా పటకారు పక్కపక్కన ఉండేవి. ఆమె చెప్పేది, నేను మార్చేవాణ్ణి. మొదటి మాటే, "ఇల్ల దినానికి ఎన్నిసార్లు వస్తాది? దాన్ని మంచి చోట కూర్చోబెట్టండి" అంది. 'ల' మధ్యవేలి కిందికి వచ్చింది. అక్కడున్న 'క' ఒక వరస పైకి జరిగింది. చెరిపే కీ కుడి బొటనవేలికి ఇచ్చాం. 'ప' ఒక్కటే ఎడమకు పోయింది. "పోనీలే, అదొకటి ఎడమది మోస్తాది" అంది. రెండే వేళ్ళు ఎక్కువ పని చేయాలి కాబట్టి కుడివైపు మెత్తటి స్ప్రింగులు పెట్టాను. ఎడమవైపు మాత్రం గట్టివే కావాలంది. మెత్తగా ఉంటే చెయ్యి సోమరి అవుతుందట.

అంతా అయ్యాక ఉంగరపు వేలి మోటు చూపించి, "దీనికీ ఒక పని ఇయ్యండి" అంది.

"అది అందదు గదమ్మా."

"అది అందకపోతే కీనే పైకి రమ్మనండి."

కీల మీద మూతలు రకరకాల ఎత్తుల్లో దొరుకుతాయి. అన్నిటికంటే పొడవైనది తెచ్చి కింది వరసలో చుక్క పెట్టే కీకి తొడిగాను. ఆమె మోటు దించింది. అందింది. వాక్యం చివర చుక్క పడింది. ఇంకొక చుక్క, ఇంకొక చుక్క, వరసగా తెరమీద చుక్కలు పెడుతూనే ఉంది. నేను లేచి మంచినీళ్ళకు వెళ్ళాను.

అలవాటు కావడానికి నెలలు పట్టింది. పాత అలవాటు వేళ్ళలోంచి అంత తొందరగా పోదు. లేని వేలు కూడా ముందుకు పోతుందని చెప్పింది. "అది లేదని నాకు తెలుసు, దానికి తెలీదు అప్పా" అంది. చిన్న చిన్న ఆర్డర్లు, నోటీసులు కొట్టేది. విచారణకు మాత్రం నేనే కూర్చునేవాణ్ణి. రికార్డు రూము మాట ఇంకా గాలిలోనే ఉంది. శిరస్తేదారు ఆ కీబోర్డును చూసినప్పుడల్లా, "సర్కారు సామాను కాదు గదా ఇది" అని గొణిగేవాడు, తీసేయమనేవాడు కాదు.

ఆ రోజు విచారణకు బట్లహళ్ళి వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. రెండు పొలాల మధ్య బండి దారి గురించి తగాదా. ఆ దారి పాతదా కొత్తదా చెప్పగలిగిన మనిషి ఆ పక్కన ఆమె ఒక్కతే మిగిలింది. ఆటోలోంచి ఇద్దరు పట్టుకుని దించారు. మెట్ల దగ్గర కూర్చుని ఆయాసం తీర్చుకుంది. అంతకుముందు పిలిచినప్పుడు ఏవో కారణాలకు వాయిదా పడింది. ఇంకోసారి వస్తుందని ఆమెను చూసినవాళ్ళెవరూ అనుకోలేదు.

అవ్వకు కన్నడం అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే తెలుగే. జడ్జిగారికి తెలుగు రాదు. వకీళ్ళలో ఎవరు తర్జుమా చేసినా రెండోవైపు వాళ్ళు ఒప్పుకోరు. జడ్జిగారు నావైపు చూసి, బోను పక్కన నిలబడి తెలుగును కన్నడం చేయమన్నారు. నేను లేచాను. నా కుర్చీ ఖాళీ అయింది.

దారి కొత్తదనే పక్షం వకీలు వెంటనే లేచాడు. "స్వామి, టైపిస్టు లేకుండా ఎలా? ఇంకో తేదీ ఇవ్వండి."

జడ్జిగారు శిరస్తేదారును చూశారు. శిరస్తేదారు నన్ను చూశాడు. ఎవరమూ ఏమీ అనకముందే వెనక గదిలోంచి ఆమె వచ్చింది. చంకలో ఆ చిన్న కీబోర్డు. కుడిచేతి మీద కొంగు కప్పే ఉంది. ఎవరినీ అడగలేదు. నా కీబోర్డు వైరు తీసి తనది పెట్టుకుంది. గాజులు పైకి తోసుకుని జడ్జిగారి వైపు చూసింది. ఆయన "షురు మాడి" అన్నారు, మొదలుపెట్టమని.

అవ్వ మాట ఏరులాంటిది, కట్ట వేయడం కష్టం.

"ఆ దారి ఈ మధ్యనే తవ్వించారు, అవునా?" అని వకీలు అడిగాడు.

"లేదప్పా! నేను కాపరానికి వచ్చేటప్పుడే ఉండె. ఆ దారి మీదే నన్ను బండిలో తెచ్చినారు. ఎద్దు ఒకటి గుడ్డిది, అది దారి పక్కన జిల్లేడు చెట్టుకు తగులుకుని..."

"ఇల్ల స్వామి," అన్నాను నేను, "మదువె ఆగి బందాగలే ఇత్తు." పెళ్ళయి వచ్చినప్పటికే ఉండేదని.

జడ్జిగారు చెప్పేవారు, ఆమె కొట్టేది. మొదట నా చెవులు రెండూ ఆమె వైపే ఉన్నాయి. కాసేపటికి ఆ సంగతి మరిచిపోయాను. నడక కుదురుగానే ఉంది. పాత పరుగు కాదు, కొత్త నడక. వకీలు వేగం పెంచాడు. ఒకదాని మీద ఒకటి అడుగుతున్నాడు. లేదు, లేదు, లేదప్పా. ఇల్ల, ఇల్ల, ఇల్ల.

హఠాత్తుగా ఆమె ఎడమచెయ్యి ఎత్తింది. "స్వామి, ఒందు నిమిష."

తెరమీద 'ఇల్ల' ఉండాల్సిన చోట 'ఇ' పక్కన ఒత్తు కలిపే గుర్తు ఒక్కటే దేనికీ అతక్కుండా నిలబడి ఉంది. 'ల' స్విచ్చు చచ్చిపోయింది. అన్ని కీలలోనూ సరిగ్గా అదే పోయింది.

వకీలు లేవబోయాడు. తేదీ అడగడానికేనని అందరికీ తెలుసు. నేను బోను దగ్గరనుంచి ఒక అడుగు వేశాను. ఆమె నావైపు చూసింది. ఆ చూపుకు నేను ఉన్నచోటే ఆగిపోయాను.

కొట్టేటప్పుడు కూడా కప్పి ఉంచిన కొంగు విదిల్చి కుడిచెయ్యి బయటపెట్టింది. హాల్లో అందరి ఎదుట, దీపం కింద, ఆ చేతిని కీబోర్డు మీద పెట్టింది. పెన్నుల డబ్బాలోంచి పటకారు తీసింది. 'ల' మూత ఊడబెరికింది, చచ్చిన స్విచ్చు లాగింది. మూలనున్న, ఎప్పుడూ వాడని కీ కింది స్విచ్చు తీసి ఇక్కడ గుచ్చింది. చిన్న పని. కానీ మూడు వేళ్ళతో ఆ పటకారు బిగించడం నేను చూడలేకపోయాను. ఒకసారి జారింది కూడా. వకీలు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

అవ్వ బోనులోంచి ముందుకు వంగింది. "ఏమమ్మా, చేతికేమైంది?"

"మేత మిషను అవ్వా."

"అయ్యో! మరి కోర్టులో రాసేదానికి ఎన్ని వేళ్ళు కావల్ల?"

ఆమె తల ఎత్తకుండా మూత తొడుగుతూ, "ఉండేవి చాలు అవ్వా" అంది.

జడ్జిగారు నావైపు తిరిగి, ఏమన్నారని కన్నడంలో అడిగారు. నేను ఆ రెండు మాటలూ తర్జుమా చేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అది రాయక్కరలేదు" అన్నారు. తర్వాత వకీలుతో, "ముందువరెసి" అన్నారు. వకీలు ముందుకు సాగించాడు. 'ఇల్ల' పడింది. మోటు కింద చుక్క పడింది.

చివర్లో మొత్తం చదివి వినిపించాం. అవ్వ ఒక్కచోట మాత్రం అభ్యంతరం చెప్పింది, గుడ్డి ఎద్దు సంగతి ఎందుకు రాయలేదని. వేలిముద్ర వేసి, పోతూ పోతూ మా బల్ల దగ్గర ఆగింది. టైపు కొట్టిన ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, వదిలేసి వెళ్ళింది. ఆ కేసు తీర్పు నేను రిటైరయ్యేదాకా రాలేదు.

రికార్డు రూము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అలాగని అంతా సుఖమయిందని చెప్పను. చలికాలంలో ఆ మోటు నొప్పి పుట్టేది. ఆ రోజుల్లో విచారణ నేను తీసుకునేవాణ్ణి. పాత వేగం తిరిగి రాలేదు. ఆమె దాన్ని గురించి రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి నా ఎదుట. కొంగులో చెయ్యి చుట్టుకోవడం మాత్రం మానేసింది.

నేను రిటైరయ్యాక ఆమె బాగేపల్లికి మార్పించుకుంది. పోయిన ఏడాది ఆ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి, భోజనమయ్యాక కోర్టు వైపు నడిచాను. భోజన విరామం. ఆమె నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చింది. బల్లమీద ఆ కీబోర్డే ఉంది. కానీ నేను చేసినట్టు లేదు. మూతల రంగులు మారాయి. మోటు కింద ఒకటి కాదు, మూడు పొడవైన కీలున్నాయి. స్పేస్ ముక్కల్లో ఒకటి తలకిందులుగా తిప్పి ఉంది. ఎవరు మార్చారని అడిగితే, "ఎవరు మారుస్తారు, నేనే" అంది.

ఆమె టీ తేవడానికి వెళ్ళింది. నేను అలవాటుగా వేళ్ళు కీల మీద పెట్టి, ఊరికే నా పేరు కొట్టాను. తెరమీద ఏదో వచ్చింది. అది నా పేరు కాదు, ఏ భాషా కాదు. చెరపబోతే ఇంకో రెండు అక్షరాలు పడ్డాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా టైపిస్టు ఉద్యోగం చేసినవాణ్ణి, చెరిపే కీ ఎక్కడుందో దొరక్క పది వేళ్ళూ గాలిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె గ్లాసులతో వచ్చి తెర చూసి, నవ్వు ఆపుకోలేక బల్లమీద టీ ఒలకబోసింది.

"లేయండప్పా, లేయండి" అంది. "అది మీ చేతికి రాదు."